అద్దె కిచెన్‌లో వండి అమ్ముతున్నారా? గోదావరి డెల్టా వంటవాళ్ళకు ఆహార భద్రత మార్గదర్శి

రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం, తణుకు, పాలకొల్లు. ఈ ఊళ్ళలో ఇప్పుడు సొంత హోటల్ లేకుండానే వంట మీద బతుకుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. సీమంతానికి అరవై మందికి భోజనం, ఆఫీసుకు రోజూ క్యారేజీలు, ఆదివారం బిర్యానీ ఆర్డర్లు, కార్తీకమాసంలో వనభోజనాలు. ఇంటి వంటగది చాలనప్పుడు పూట లెక్కనో, గంటల లెక్కనో కిచెన్ అద్దెకు తీసుకుంటారు. అది ఒక్కోసారి కేటరింగ్ వాళ్ళది, ఒక్కోసారి కల్యాణమండపం వంటశాల, ఒక్కోసారి డెలివరీల కోసమే కట్టిన క్లౌడ్ కిచెన్.

ఇక్కడ పెద్ద చిక్కు ఒకటుంది. మీకు ముందు ఆ బల్ల మీద ఎవరు చేపలు కోశారో, ఆ ఫ్రిజ్ రాత్రంతా ఆన్‌లో ఉందో లేదో, ట్యాంకులో నీళ్ళు ఎక్కడివో మీకు తెలియదు. భోజనం తిన్నవాళ్ళకు వాంతులైతే మాత్రం ఫోన్ వచ్చేది మీకే. అందుకే అద్దె కిచెన్‌లో దేన్నీ సరిగ్గానే ఉందని అనుకోకూడదు. ప్రతి పూటా మీరే చూసుకోవాలి. ఏం చూడాలో, ఎలా చూడాలో వరసగా చెప్తాను.

1. అడ్వాన్సు ఇచ్చేముందు కిచెన్ చూడటం

ఓనరు రమ్మన్న టైముకు వెళ్తే కడిగి తుడిచిన గది కనిపిస్తుంది. వేరేవాళ్ళు వంట చేస్తున్న టైములో వెళ్ళండి. నీళ్ళు ఎటు పోతున్నాయి, కాలువ మీద మూత ఉందా, చెత్త డబ్బా ఎక్కడ పెట్టారు, కిటికీలకు దోమల మెష్ ఉందా అన్నది అప్పుడే తెలుస్తుంది. చేతులు కడుక్కోవడానికి విడిగా ఒక సింకు, దాని దగ్గర సబ్బు ఉండాలి. గిన్నెలు తోమే సింకులోనే చేతులు, చేపలు, కూరగాయలు అన్నీ కడుగుతుంటే ఆ కిచెన్ మీకొద్దు.

ఫ్రిజ్‌లో మీకంటూ ఒక అర, తాళం వేసుకునే ఒక అల్మరా అడగండి. ఇవ్వకపోతే పప్పులు, మసాలాలు రోజూ మీతో తెచ్చుకుని మీతోనే తీసుకెళ్ళాలి. అందరూ వాడే ఉప్పు డబ్బా, కారం డబ్బా వాడొద్దు. తడి గరిటె ఎవరు ముంచారో, ఏ సరుకులో ఏం కలిసిందో మీకు తెలియదు.

మీకు ముందు పూట ఎవరు వండుతారో తప్పకుండా కనుక్కోండి. మీవి వ్రతం భోజనాలో, అయ్యప్ప దీక్షవాళ్ళ భిక్షలో అయితే అదే బల్ల మీద పొద్దున్న చికెన్ కోసి ఉండకూడదు. నియమం సంగతి అలా ఉంచితే, పచ్చి చికెన్ రసం పచ్చి కొత్తిమీరకు అంటడం ఆరోగ్యానికే ముప్పు.

2. కాగితాలు

దేశంలో ఆహార వ్యాపారం మొత్తానికీ 2006లో వచ్చిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టమే ఆధారం. దాన్ని అమలు చేసేది ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ. పాటించాల్సిన శుభ్రత నియమాలు 2011 నాటి లైసెన్సింగ్ నిబంధనల్లో షెడ్యూల్ 4లో ఉన్నాయి. వంటవాళ్ళు ఒక్కసారైనా చదవాల్సిన భాగం అది.

చిన్న వ్యాపారానికి రిజిస్ట్రేషన్, పెద్దదానికి లైసెన్సు. 2011లో నిబంధనలు వచ్చినప్పుడు ఈ రెంటికీ మధ్య గీత ఏడాదికి 12 లక్షల టర్నోవర్‌గా పెట్టారు. ఈ హద్దులు, ఫీజులు మారుతుంటాయి కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ ఆన్‌లైన్ ఫోస్కోస్ పోర్టల్‌లో ఆ రోజుకు ఏముందో చూసి అప్లై చేయండి. బ్రోకర్లు అక్కర్లేదు, ఫోన్‌లోనే చేసుకోవచ్చు.

ఓనరుకు లైసెన్సు ఉంది కదా, నాకెందుకు అని చాలామంది అడుగుతారు. ఆయన లైసెన్సు ఆయన వ్యాపారానికి. మీ పేరుతో బిల్లు వేసి, మీ పేరుతో అమ్ముతుంటే మీకు విడిగా ఉండాలి. అది మీరు వండే చిరునామాకే ఉండాలి. ఇంటి అడ్రసు మీద రిజిస్ట్రేషన్ తీసుకుని వేరే ఊరి కిచెన్‌లో వండితే అది చెల్లదు. రెండు చోట్ల వండితే రెండిటికీ తీసుకోవాలి.

అందుకని అద్దె అగ్రిమెంటు నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. ఏయే గంటల్లో వాడుకుంటారు, ఏ భాగం వాడుకుంటారు, నీళ్ళ పరీక్ష, పురుగుల మందు, ట్యాంకు కడగడం ఎవరి పని అన్నది రాయించుకోండి. ఓనరు నుంచి అభ్యంతరం లేదనే పత్రం కూడా తీసుకోండి. ఒకే చిరునామాలో ఇద్దరు ముగ్గురు వ్యాపారం చేస్తుంటే అధికారి మొదట అడిగేవి ఇవే.

మీకొచ్చే 14 అంకెల నంబరును వంట చేసే చోట కనపడేలా పెట్టాలి. 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద కూడా వేయాలి. వంటలో చెయ్యి పెట్టే ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి వైద్య పరీక్ష, టైఫాయిడ్ టీకా ఉండాలి. పెళ్ళిళ్ళ సీజన్‌లో రోజుకూలికి వచ్చే సహాయకులకు కూడా ఇది వర్తిస్తుంది. శిక్షణ కావాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఫోస్టాక్ కోర్సు ఉంది. ప్రతి 25 మంది పనివాళ్ళకు ఒక శిక్షణ పొందిన సూపర్‌వైజర్ ఉండాలన్నది వాళ్ళ లెక్క. ఒంటరిగా వండేవాళ్ళయినా ఆ కోర్సు చేయడం మంచిదని నా అభిప్రాయం.

3. నీళ్ళు: మన డెల్టాలో అసలు పరీక్ష

చుట్టూ నీళ్ళే ఉన్నా, వంటకు పనికొచ్చే నీళ్ళు దొరకడం ఇక్కడ తేలిక కాదు. వేసవిలో కాలువలు కట్టేస్తే చాలా ఊళ్ళు చెరువుల్లో నిలవ చేసిన నీళ్ళ మీద ఆధారపడతాయి. నరసాపురం, అంతర్వేది వైపు సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. జులై నుంచి వరదలకు గోదావరి ఎర్రబారుతుంది. కిచెన్ ట్యాంకులోకి ఏ కాలంలో ఏ నీళ్ళు వస్తున్నాయో ఓనరును అడగండి. మార్చిలో మంచి నీళ్ళున్న కిచెన్‌లో మే నెలలో ట్యాంకరు నీళ్ళు ఉండొచ్చు.

వంటకు వాడే నీళ్ళు తాగే నీళ్ళ ప్రమాణానికి, అంటే ఐఎస్ 10500కు సరిపోవాలి. ల్యాబ్ రిపోర్టు అడగండి, దాని మీద తేదీ చూడండి. రిపోర్టుల మధ్య రోజుల్లో మీరే చూసుకోవడానికి హైడ్రోజన్ సల్ఫైడ్ బాటిల్ టెస్టు ఉంది. చిన్న సీసాలో గీత దాకా నీళ్ళు పోసి, గది వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా ఉన్న నీళ్ళు నల్లబడతాయి. నల్లబడితే ఆ ట్యాంకు కడిగి, క్లోరిన్ వేసేదాకా అక్కడ వండొద్దు.

ఇరవై లీటర్ల వాటర్ టిన్నులు తెప్పిస్తున్నాం కదా, ఇంక టెన్షన్ ఏముంది అనుకోవద్దు. ఆర్ఓ ప్లాంటు నీళ్ళలో సాధారణంగా క్లోరిన్ మిగలదు. టిన్ను సరిగ్గా కడగకపోయినా, మూత తీసి రెండు రోజులు ఉంచినా అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఏ పూట టిన్ను ఆ పూటే వాడేయండి, చెంబు ముంచకుండా కుళాయి ఉన్న స్టాండు పెట్టుకోండి. మరగని నీళ్ళు వెళ్ళేచోట, అంటే మజ్జిగలో, చట్నీలో, కొత్తిమీర కడగడంలో, ఐసులో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి. చేపల మార్కెట్లో కొట్టించే దిమ్మ ఐసు చేపల కోసమే. అది మజ్జిగ దగ్గరికి రాకూడదు.

4. కిచెన్ చేతికొచ్చిన మొదటి అరగంట

వెళ్ళగానే పొయ్యి ముట్టించాలనిపిస్తుంది, ఆర్డరు టైము తరుముతూ ఉంటుంది. అయినా ఈ అరగంటను అద్దె గంటల్లో కలిపి లెక్కేసుకోండి. ముందు ఫ్రిజ్ లోపలి వేడిని మీ సొంత థర్మామీటర్‌తో చూడండి. 5 డిగ్రీల లోపు ఉండాలి, డీప్ ఫ్రీజర్ మైనస్ 18 ఉండాలి. తలుపు మీద వెలిగే అంకెను నమ్మొద్దు.

తర్వాత బల్లలు. సబ్బుతో తోమి, కడిగి, ఆ తర్వాతే క్రిమి సంహారం చేయాలి. జిడ్డు మీద బ్లీచ్ పోస్తే అది పనిచేయదు. వాసన కలపని బ్లీచింగ్ లిక్విడ్ 5 శాతానిదైతే లీటరు నీళ్ళకు 2 మిల్లీలీటర్లు వేస్తే సుమారు 100 పీపీఎం క్లోరిన్ (పది లక్షల భాగాల్లో వంద) వస్తుంది. బల్ల మీద చల్లి రెండు నిమిషాలు ఉంచి ఆరనివ్వండి. దీన్ని ఏ పూటకాపూట కలుపుకోవాలి. వెనిగర్‌తో గానీ, టాయిలెట్ యాసిడ్‌తో గానీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

కత్తులు, కోసే పలకలు, గుడ్డలు మీవే తెచ్చుకోండి. పలకలకు రంగులు పెట్టుకుంటే సహాయకులకు వేరే చెప్పక్కర్లేదు: ఎరుపు మాంసానికి, నీలం చేపలు రొయ్యలకు, ఆకుపచ్చ కూరగాయలకు.

చేతుల సంగతి. ఉంగరాలు, గాజులు, మణికట్టుకు కట్టిన దారాలు తీసేయాలి. దారం తీయడం ఇష్టంలేని వాళ్ళు పిండి కలపడం, సలాడ్ కోయడం లాంటి పనులు పెట్టుకోకపోవడం మేలు. విరేచనాలు, వాంతులు, కామెర్లు ఉన్నవాళ్ళు ఆ రోజు కిచెన్‌లోకి రాకూడదు. వేలు తెగితే వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ వేసి, పైన గ్లౌజు వేయాలి. పుండ్లలో ఉండే స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా వండిన ఆహారంలో పడి పెరిగితే వదిలే విషం మళ్ళీ మరిగించినా పోదు.

5. చేపలు, రొయ్యలు, మాంసం

చెరువు రొయ్యలు దగ్గరే దొరుకుతాయి కాబట్టి తాజాగా ఉన్నాయన్న ధీమా మనకు ఎక్కువ. చెరువు దగ్గర్నుంచి మీ కిచెన్‌కు రావడానికి ఎన్ని గంటలు పట్టిందో, అంతసేపూ ఐసులో ఉన్నాయో లేదో చూడాలి. కిలో రొయ్యలకు కిలో ఐసు లెక్క పెట్టుకుని, కరిగిన నీళ్ళు కిందికి కారిపోయే డబ్బా వాడండి. తమ నీళ్ళలో తాము నానే రొయ్యలు త్వరగా చెడతాయి.

కానాగంతలు, కవళ్ళు, సూర లాంటి సముద్రపు చేపలతో ఇంకో ప్రమాదం ఉంది. ఎండలో కాసేపు ఉంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. దానికి ఒళ్ళంతా ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. ఎంత ఉడికించినా, ఎంత వేయించినా ఆ హిస్టమిన్ పోదు. కొన్నచోటే చల్లగా ఉన్న చేపను కొనడం తప్ప దీనికి వేరే దారి లేదు.

ఫ్రిజ్‌లో పచ్చి మాంసం, చేపలు ఎప్పుడూ అట్టడుగు అరలో మూత పెట్టి ఉంచాలి. పంచుకునే ఫ్రిజ్‌లో పక్కవాళ్ళు పై అరలో చికెన్ కవరు పెట్టేస్తుంటారు. మొహమాటపడకుండా చెప్పి, కిందికి మార్పించండి. ప్రతి డబ్బా మీద మీ పేరు, తేదీ, టైము రాసిన చీటీ అంటించండి. గడ్డకట్టిన మాంసాన్ని బల్ల మీద పెట్టి కరగనివ్వొద్దు. ముందు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి దించండి.

6. ఉడికించడం, చల్లార్చడం

మొత్తం మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే టైముంటే ఇది చదవండి. మన దగ్గర విందుల్లో జనం జబ్బుపడేది ఎక్కువగా సరిగ్గా ఉడకక కాదు, వండినది గంటల తరబడి గోరువెచ్చగా ఉండటం వల్ల.

5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు మధ్య సూక్ష్మజీవులు హాయిగా పెరుగుతాయి. మన గాలిలో తేమ, ఎండ కలిస్తే గదిలో పెట్టిన గిన్నె గంటల తరబడి ఆ మధ్యలోనే ఉంటుంది. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్, మాంసం కూరల్లో ఉండే క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే రెండూ విత్తనాల్లాంటి స్పోర్లుగా మారి ఉడుకును తట్టుకుంటాయి. గిన్నె చల్లారుతున్నప్పుడు అవి మొలకెత్తుతాయి. రెండోది అనువైన వేడిలో పది నిమిషాలకు అటూఇటూగా రెట్టింపవుతుంది. పెద్ద డేగిసాలో బిర్యానీ మూతపెట్టి రాత్రంతా ఉంచితే మధ్యభాగం తెల్లారేదాకా గోరువెచ్చగానే ఉంటుంది.

అందుకని ఆహారంలో గుచ్చి వేడి చూసే ప్రోబ్ థర్మామీటర్ కొనండి. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. నలగ్గొట్టిన ఐసులో కాస్త నీళ్ళు పోసి ముంచితే సున్నా చూపాలి. మనది సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న నేల కాబట్టి మరిగే నీళ్ళలో 100 చూపాలి. రెండిట్లో తేడా వస్తే దాన్ని మార్చండి. చికెన్, మటన్, చేప ముక్క మధ్యలో 75 డిగ్రీలు రావాలి. డేగిసా అంచున, నడుమన, అడుగున మూడుచోట్ల గుచ్చి చూడండి.

వేడిగా వడ్డించేది 60 పైనే ఉంచాలి, 65 ఉంటే ఇంకా నిశ్చింత. చల్లార్చి దాచేదయితే రెండు గంటల్లో 21 డిగ్రీలకు, అక్కడి నుంచి నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు దిగాలి. గుండిగలోనే ఉంచితే ఇది అసాధ్యం. రెండంగుళాల లోతున్న వెడల్పాటి ట్రేలలోకి తీయండి. పులుసు, పప్పుచారు లాంటివైతే గిన్నెను ఐసునీళ్ళ టబ్బులో పెట్టి గరిటెతో తిప్పుతూ ఉండండి. అన్నం పలచగా పరవండి. ఆవిరి తగ్గాక ఫ్రిజ్‌లోకి. కిచెన్ మీ చేతిలో నాలుగు గంటలే ఉంటే చల్లార్చడానికి టైము చాలదు. అలాంటప్పుడు ముందురోజు వండే ఆర్డరు ఒప్పుకోవద్దు, ఆ పూటకే వేడివేడిగా పంపే మెనూ పెట్టుకోండి.

చేపల పులుసు మర్నాటికే రుచి అని మనందరికీ తెలుసు. పులసకైతే ఆ మాట ఇంకా గట్టిగా చెప్తారు. మర్నాటికి పెట్టడం తప్పేమీ కాదు. చింతపండు పులుపు ఉంది కదా, పాడవదు అని మట్టికుండలో గట్టు మీద వదిలేయడం మాత్రం అమ్మకపు వంటలో కుదరదు. పైన చెప్పినట్టు చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు మధ్యదాకా 75 డిగ్రీలు దాటేలా మరిగించి, ఆ ఒక్కసారే వేడిచేసి వడ్డించండి. మిగిలినది మళ్ళీ దాచొద్దు.

కొబ్బరి చట్నీ, పచ్చికొబ్బరి వేసిన పూర్ణం, పెరుగు గారెలు, దద్దోజనం, కోసిన పళ్ళు. ఇవి మళ్ళీ పొయ్యి ఎక్కవు కాబట్టి ఆఖర్న చేసి, చల్లగా ఉంచి పంపాలి. కొబ్బరి చట్నీ పొద్దున్న రుబ్బి మధ్యాహ్నం భోజనాలకు బయటే ఉంచడం కోనసీమలో మామూలే గానీ, అమ్మేచోట మానేయాల్సిన అలవాటు.

7. నూనె, రంగు, గిన్నెలు

వేయించిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె మళ్ళీ మళ్ళీ కాగి చెడినప్పుడు పుట్టేవి) 25 శాతం దాటకూడదని 2018 జులై 1 నుంచి నియమం. పొగ త్వరగా వస్తున్నా, నురగ కడుతున్నా, నల్లగా చిక్కబడినా ఆ నూనె తీసేయండి. అద్దె కిచెన్‌లో బాణలిలో వేరేవాళ్ళు వదిలిన నూనె అస్సలు వాడొద్దు. బిర్యానీకి, చికెన్ వేపుడుకు కృత్రిమ రంగు వేయడానికి అనుమతి లేదు. ఇత్తడి, రాగి గుండిగలకు లోపల కళాయి పోయిందేమో వెలుతురులో చూడండి. కళాయి పోయినవాటిలో పులిహోర, పులుసు చేస్తే లోహం దిగి వాంతులవుతాయి. పులుపుకు స్టీలే మంచిది.

8. ప్యాకింగు, రవాణా

న్యూస్ పేపర్లో గారెలు, బజ్జీలు చుట్టడం 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం కుదరదు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, చెంచాలు 2022 జులై నుంచి నిషేధం. అరిటాకు, విస్తరాకు బాగా కడిగి, తుడిచి వాడుకోవచ్చు.

వేడివి హాట్ బాక్సుల్లో, చల్లనివి ఐస్ ప్యాకులున్న డబ్బాలో విడివిడిగా పంపండి. బాక్సులో ముందు వేడినీళ్ళు పోసి, ఒంపేసి, తర్వాత కూర పెడితే వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. రేవు దాటి లంక గ్రామాలకో, దూరపు ఊళ్ళకో పంపేటప్పుడు పంటు కోసం ఆగే టైమును కూడా లెక్కలో వేసుకోండి. 60 డిగ్రీల కిందికి దిగాక మొత్తం నాలుగు గంటలు దాటిన ఆహారం పారేయాలి. రెండు గంటలు దాటినది వెంటనే తినేయాలి గానీ, మళ్ళీ దాచకూడదు. ఈ మాట ఆర్డరు ఇచ్చినవాళ్ళకు ముందే చెప్పి, డబ్బా మీద వండిన టైము, తినాల్సిన టైము రాసి అంటించండి. రొయ్యలు, చేపలు, గుడ్డు, పాలు, వేరుశనగ, జీడిపప్పు, గోధుమ ఉన్నాయేమో కూడా రాయండి. అదే బల్ల మీద వేరేవాళ్ళు రొయ్యలు వండుతారని తెలిస్తే, రొయ్యలు పడవన్న కస్టమర్‌కు ఆ మాట దాచకుండా చెప్పాలి.

తుఫాను రోజుల్లో కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకండి. మూసి ఉంచితే సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. అంతకు మించితే లోపలి వేడి చూసి నిర్ణయం తీసుకోండి. అద్దె కిచెన్‌లో కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడొచ్చిందో ఓనరు మీకు ఫోన్ చేసి చెప్పాలని అగ్రిమెంటులోనే రాయించుకోండి.

9. వెళ్ళేముందు, ఆ తర్వాత

బల్లలు కడిగి, చెత్త బయటపెట్టి, ఫ్రిజ్‌లో మీవి తీసుకుని, గది ఫోటోలు తేదీతో సహా తీసి ఓనరుకు పంపండి. వచ్చినప్పుడు తీసిన ఫోటోలు కూడా దాచండి. నోటు పుస్తకంలో పూటకొక పేజీ చాలు: ఫ్రిజ్ వేడి, వండిన వేడి, పంపిన టైము, చేపలు మాంసం ఎక్కడ కొన్నారు, ఎవరెవరు పనిచేశారు. ప్రతి వంటకం నుంచి పిడికెడు శుభ్రమైన డబ్బాలో తీసి, పేరు, తేదీ రాసి మీ ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంచండి.

ఎవరైనా ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదంటే వాదించకండి. ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎంతమందికి ఎప్పుడు మొదలైంది అన్నది రాసుకోండి. చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్ళు ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పండి. అదే వంట అందుకున్న మిగతావాళ్ళందరికీ ఫోన్ చేసి తినొద్దని చెప్పండి. దాచిన శాంపిల్ పారేయకండి. జిల్లా ఆహార భద్రత అధికారికి మీరే సమాచారం ఇవ్వండి. అదే రోజు ఆ కిచెన్ వాడిన మిగతా వంటవాళ్ళకు కూడా కబురు చేయండి. నీళ్ళ వల్లో, ఫ్రిజ్ వల్లో జరిగి ఉంటే వాళ్ళ భోజనాలు కూడా అప్పటికే దారిలో ఉంటాయి.